మాష్టారిని అడగండి: ఓడిపోయామని ఒప్పుకున్న జనరల్

పోయిన సంచికలో కాకినాడ రేవు గురించి రాశాను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకి చేరడం ఆగిపోయాక మన రేవు దశ తిరిగిందని చెప్పాను. ఆ మాటల మధ్యలో, ఆ యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడిన ఒక జనరల్ తర్వాత శత్రువుల పార్టీలో చేరి, టర్కీ సుల్తాను దగ్గరికి రాయబారిగా వెళ్ళాడని ఒక్క వాక్యం జారవిడిచాను. ఇంకేముంది, పత్తి సంగతి అందరూ మర్చిపోయారు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ జనరల్ గురించే. ఎక్కడైనా ఎవడైనా పార్టీ మారాడంటే గోదావరి జిల్లాల వాళ్ళకి నిద్ర పట్టదు కదా. సరే, ఈసారికి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఆయన సంగతే మాట్లాడుకుందాం.

● మాష్టారూ, ఆ జనరల్ ఎవరో పేరు కూడా చెప్పకుండా వదిలేశారు. కాస్త పూర్తిగా చెప్పండి.
— ఒక పాఠకుడు, తణుకు

పేరు జేమ్స్ లాంగ్‌స్ట్రీట్. 1821 జనవరి 8న సౌత్ కరోలినాలో పుట్టాడు, జార్జియాలో పెరిగాడు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో 1842లో చదువు ముగించేనాటికి తరగతిలో 56 మందికి 54వ వాడు. చదువులో వెనకబడ్డ పిల్లల తల్లిదండ్రులు ఈ అంకె రాసిపెట్టుకోవచ్చు. అక్కడే ఆయనకి యులిసిస్ గ్రాంట్ అనే కుర్రాడితో స్నేహం కుదిరింది. గ్రాంట్ పెళ్ళాడిన జూలియా, లాంగ్‌స్ట్రీట్‌కి దూరపు చుట్టం కూడా. ఈ స్నేహాన్ని గుర్తు పెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే తిరుగుతుంది.

1847లో మెక్సికో యుద్ధంలో చపుల్టెపెక్ కోట మీదికి జెండా పట్టుకుని ఎక్కుతూ గాయపడ్డాడు. 1861లో దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి కాన్ఫెడరసీ పెట్టుకున్నప్పుడు అమెరికా సైన్యానికి రాజీనామా ఇచ్చి అటు వెళ్ళాడు. ఏడాదిన్నర తిరిగేసరికి లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు. దక్షిణాది సేనాపతుల్లో ముఖ్యుడైన రాబర్ట్ లీ సైన్యంలో ఆయన తర్వాత అంతటివాడు ఇతనే. నా ముసలి యుద్ధాశ్వం అని లీ ఈయన్ని ముద్దుగా పిలిచేవాడు. 1864 మేలో వైల్డర్‌నెస్ అడవుల్లో సొంత సైనికులే పొరపాటున కాల్చితే తూటా గొంతులోంచి భుజంలోకి పోయింది. కుడి చెయ్యి చాలాకాలం పనిచెయ్యలేదు, ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాడు. 1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లీ, ఉత్తరాది సేనాపతి అయిన అదే గ్రాంట్‌కి లొంగిపోయినప్పుడు లీ సైన్యంతోనే ఉన్నాడు.

ఆ తర్వాత న్యూ ఆర్లియన్స్ వెళ్ళి ఏం వ్యాపారం పెట్టాడనుకున్నారు? పత్తి దలాలీ! అమెరికా పత్తి మళ్ళీ ఓడలెక్కాక ఇక్కడ మన సరుకు ధర దిగిపోయింది. ఆ లెక్కన ఆయన మన కాకినాడ వర్తకులకి పోటీదారే.

● ఇందులో అంత పెద్ద విశేషం ఏముందండీ? ఓడిపోయాడు, గెలిచినవాళ్ళ కండువా కప్పుకున్నాడు, పదవి కొట్టేశాడు. మా నియోజకవర్గంలో ప్రతి అయిదేళ్ళకీ చూస్తున్నదేగా!
— ఒక పాఠకుడు, మండపేట

మీ వెటకారానికి సగం మార్కులు ఇస్తాను. పదవులు తీసుకున్నమాట నిజమే, అడిగి మరీ తీసుకున్నాడు. గ్రాంట్ అధ్యక్షుడయ్యాక 1869లో న్యూ ఆర్లియన్స్ రేవులో కస్టమ్స్ సర్వేయర్ని చేశాడు. ఏడాదికి 6,000 డాలర్ల జీతం, అప్పట్లో దివ్యమైన ఉద్యోగం. తర్వాత జార్జియాలో పోస్టుమాస్టరు, ఆపైన టర్కీకి రాయబారి, తిరిగొచ్చాక ఉత్తర జార్జియాకి మార్షల్ (కేంద్ర కోర్టుల ఉత్తర్వులు అమలుచేసే అధికారి), చివరికి రైల్వే కమిషనర్. అన్నీ రిపబ్లికన్ ప్రభుత్వాలు, అంటే యుద్ధంలో గెలిచిన ఉత్తరాది పార్టీ వాళ్ళు, ఇచ్చినవే.

మిగతా సగం మార్కులు ఎందుకు ఇవ్వనో చెబుతాను. ఉద్యోగం 1869లో వచ్చింది. ఉత్తరం మాత్రం 1867లోనే రాశాడు. ఓడిపోయిన దక్షిణాది మీద కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, పెట్టిన షరతుల్ని, అంటే నల్లవారికి ఓటు హక్కుతో సహా, ఒప్పుకుని నడుచుకుందామని ఆ ఏడాది పత్రికలకి రాశాడు. మనం కత్తితో తేల్చుకుందామన్నాం, కత్తి తేల్చేసింది, ఇక దాన్ని పాటించాలి అన్నది ఆయన వాదం. అచ్చుకి పంపే ముందు, తనని చిన్నప్పుడు ఇంట్లో పెట్టుకుని చదివించిన బాబాయికి చూపించాడు. ఇది అచ్చయితే నీ పని అయిపోయినట్టే అని ఆయన హెచ్చరించాడు. లీని కూడా మద్దతు అడిగాడు, లీ మర్యాదగా తప్పుకున్నాడు. అయినా అచ్చు వేయించాడు.

బాబాయి అన్నంతా అయ్యింది. పత్రికలు ద్రోహి అన్నాయి. నిన్నటిదాకా వీధిలో టోపీ తీసి నమస్కరించినవాళ్ళు మొహం తిప్పుకున్నారు. వ్యాపారం మూతపడింది. మీ నియోజకవర్గంలో పార్టీ మారినవాడికి మర్నాడు పూలదండలూ, కార్ల ఊరేగింపూ ఉంటాయి. ఈయనకి సొంత మనుషుల దగ్గర అలాంటిదేమీ మిగల్లేదు.

ఇంకొక సంగతి. పదవి కోసమే వెళ్ళినవాడు ఆఫీసులో కూచుంటాడు, తూటాలు తగిలే చోట నిలబడడు. లాంగ్‌స్ట్రీట్ న్యూ ఆర్లియన్స్ ఉన్న లూసియానా రాష్ట్రపు మిలీషియాకి, అంటే రాష్ట్రం సొంత సాయుధ దళానికి, అధిపతి అయ్యాడు. అందులో ఎక్కువమంది నల్లవారు, చాలామంది మొన్నటిదాకా బానిసలు. 1874 సెప్టెంబరు 14న వైట్ లీగ్ అనే తెల్లవారి ముఠా సుమారు 5,000 మందితో, ఎన్నికైన గవర్నరు కెలాగ్‌ని దించెయ్యడానికి న్యూ ఆర్లియన్స్ వీధుల్లోకి వచ్చింది. వాళ్ళలో చాలామంది పాత కాన్ఫెడరేట్ సైనికులు. వాళ్ళకి ఎదురుగా కెనాల్ వీధిలో పోలీసులతో, నల్లవారి మిలీషియాతో గుర్రం మీద నిలబడ్డది వాళ్ళ పాత జనరలే! గుర్రం మీంచి లాగేశారు, తూటా తగిలింది, బందీగా పట్టుకున్నారు. మూడు రోజులు ఊరు వాళ్ళ చేతిలో ఉంది. గ్రాంట్ కేంద్ర సైన్యాన్ని పంపాక గానీ ఖాళీ చెయ్యలేదు. అప్పటికి ఆయనకి 53 ఏళ్ళు, ఆ కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలో లేదు.

● సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. ఆయన్ని మరీ మంచివాడిలా చూపిస్తారేమోనని అడుగుతున్నాను. బానిసత్వం కోసం జరిగిన యుద్ధంలో బానిసత్వం వైపే కదా పోరాడారు?
— ఒక విద్యార్థిని, అమలాపురం

అవునమ్మా, ఆ వైపే. అందులో సందేహం అక్కర్లేదు. కాన్ఫెడరసీ రాసుకున్న రాజ్యాంగంలోనే బానిసత్వానికి రక్షణ ఉంది. రాష్ట్రాల హక్కుల కోసమే పోరాడాం అన్న కబుర్లు ఓడిపోయాక అల్లుకున్నవే ఎక్కువ.

లాంగ్‌స్ట్రీట్ చేతులకీ మట్టి అంటింది. 1863 వేసవిలో లీ సైన్యం పెన్సిల్వేనియాలో అడుగుపెట్టినప్పుడు, అక్కడ దొరికిన నల్లవారిని పట్టుకుని దక్షిణాదికి తోలుకుపోయారు. వాళ్ళలో స్వేచ్ఛగా పుట్టినవాళ్ళూ ఉన్నారు. జులై 1న లాంగ్‌స్ట్రీట్ శిబిరం నుంచి జనరల్ పికెట్‌కి వెళ్ళిన ఉత్తర్వులో, పట్టుబడ్డవాళ్ళని కూడా వెంటబెట్టుకు రమ్మని ఉంది. సంతకం ఆయన సహాయకుడిది కావచ్చు, శిబిరం మాత్రం ఆయనదే.

1867 నాటి ఉత్తరాల్లో కూడా నల్లవారి మీద ప్రేమ కారిపోతుందని అనుకోకు. మనం కలవకపోతే వాళ్ళే పాలిస్తారు, కలిస్తే పగ్గాలు మన చేతిలో ఉంటాయన్న లెక్క అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అలా లెక్క వేసుకుని మొదలుపెట్టినవాడు ఏడేళ్ళ తర్వాత నల్ల సైనికుల ముందు నిలబడి దెబ్బ తిన్నాడు. ఆయన మనసు మారిందా, పరిస్థితి అక్కడికి లాక్కెళ్ళిందా అంటే, రెండూ అని నా ఉద్దేశం. మనుషులు ఒక్క ఉదుటున మారరు. అలా మారానని చెప్పుకునేవాళ్ళని నేను పెద్దగా నమ్మను.

● గెటిస్‌బర్గ్ యుద్ధం ఓడిపోవడానికి లాంగ్‌స్ట్రీట్ జాప్యమే కారణమని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?
— విశ్రాంత ఇంజనీరు, కాకినాడ

మీరు ఇంజనీరు కాబట్టి మీకు తేదీల్లోనే జవాబు చెబుతాను.

యుద్ధం జరిగింది పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ ఊరి దగ్గర, 1863 జులై 1 నుంచి 3 దాకా. అక్కడే ఉండి దాడి చెయ్యొద్దు, చుట్టు తిరిగి మంచి చోటు చూసుకుని శత్రువునే మన మీదికి రప్పిద్దాం అన్నది లాంగ్‌స్ట్రీట్ సలహా. లీ ఒప్పుకోలేదు. రెండో రోజు దాడి లాంగ్‌స్ట్రీట్ దళం చెయ్యాల్సి ఉంది. అది సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో గానీ మొదలుకాలేదు. ఆ రోజు ఆయన మనసుపెట్టి కదల్లేదన్నది నా అభిప్రాయం కూడా. అన్న మాట కాదనలేక చేలో దిగి, ఒళ్ళు దాచుకుంటూ నాట్లేసే తమ్ముడి వాలకం ఆయనది. శత్రువు కంట పడకూడదని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి మళ్ళీ తిరిగి రావడంతో ఇంకొంత పొద్దు పోయింది.

మూడో రోజు పికెట్ దాడి. సుమారు 12,500 మంది, ముప్పావు మైలు బయలు, ఎదురుగా గుట్ట మీద ఫిరంగులు. ఇది జరిగే పని కాదని లాంగ్‌స్ట్రీట్ లీకి మొహం మీదే చెప్పాడు. ముందుకు వెళ్ళమంటారా అని పికెట్ అడిగినప్పుడు నోట మాట రాక తల మాత్రం ఊపాడు. వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. తిరిగొచ్చినవాళ్ళకి లీ ఎదురెళ్ళి, తప్పంతా నాదేనన్నాడు.

ఇక అసలు తేదీలు చూడండి. లీ 1870 అక్టోబరులో చనిపోయాడు. యుద్ధం తర్వాత కూడా లాంగ్‌స్ట్రీట్‌కి ఎంతో ఆప్యాయంగా ఉత్తరాలు రాసినవాడు, గెటిస్‌బర్గ్ తప్పు లాంగ్‌స్ట్రీట్‌దని బహిరంగంగా ఒక్కసారీ అనలేదు. ఆయన పోయాక, 1872 జనవరిలో, ఆయన జయంతి రోజున జూబల్ ఎర్లీ అనే మాజీ జనరల్ ఉపన్యాసమిచ్చి నిందంతా లాంగ్‌స్ట్రీట్ మీద వేశాడు. మరుసటి ఏడాది విలియం పెండిల్టన్ అనే ఇంకో ఆయన లేచి, రెండో రోజు సూర్యోదయానికే దాడి చెయ్యమని లీ ఆజ్ఞాపించాడని చెప్పాడు. అలాంటి ఆజ్ఞ తమకి తెలియదని లీ దగ్గర పనిచేసిన అధికారులే లాంగ్‌స్ట్రీట్‌కి రాసిచ్చారు. అయినా పుకారు ముందు పరిగెత్తింది, రాసిచ్చిన కాగితాలు వెనకబడ్డాయి.

1863లో చేసిన తప్పు 1872 దాకా ఎవరికీ ఎందుకు కనపడలేదు? మధ్యలో 1867 ఉంది కాబట్టి. పార్టీ మారాకే ఆయన గెటిస్‌బర్గ్ ఓడించినవాడయ్యాడు. లీ దేవుడైపోయాక దేవుడు ఓడిపోకూడదు కదా, ఓటమిని మొయ్యడానికి ఎవరో ఒకరు కావాలి. దొరికినవాడు వెస్ట్ పాయింట్ నుంచి గ్రాంట్‌కి స్నేహితుడు, రిపబ్లికన్, ప్రొటెస్టెంట్లే ఎక్కువున్న దక్షిణాదిలో 1877లో క్యాథలిక్ కూడా అయ్యాడు. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ నింద కడుక్కోవడానికి లాంగ్‌స్ట్రీట్ పాతికేళ్ళు వ్యాసాలు రాశాడు, 1896లో లావుపాటి ఆత్మకథ రాశాడు. కోపంలో చెయ్యి జారి లీని కూడా తూలనాడేసరికి మిగిలిన సానుభూతి కూడా పోయింది. మీరు చూసిన వీడియోకి మూలం 1872 నాటి ఆ ఉపన్యాసమే, చేసినవాళ్ళకి ఆ సంగతి తెలియకపోవచ్చు.

● టర్కీలో ఏం సాధించాడు?
— ఒక పాఠకుడు, భీమవరం

పెద్దగా ఏమీ లేదు. అధ్యక్షుడు హేస్ 1880లో పంపాడు, 1881లో తిరిగొచ్చేశాడు. అమెరికా పురావస్తు పరిశోధకులు ఒట్టోమన్ నేల మీద పనిచేసుకోవడానికి సుల్తాన్ అబ్దుల్ హమీద్ దగ్గర అనుమతి సంపాదించాడు. తర్వాత సెలవు పెట్టి యూరప్ చూసొచ్చాడు. రాయబారి ఉద్యోగాల్లో చాలా వాటి కథ ఇంతే. ఆయన విషయంలో కాస్త విడ్డూరం ఒకటుంది. యుద్ధమయ్యాక తనకి క్షమాభిక్ష అడిగితే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్, కాన్ఫెడరసీ అధ్యక్షుడు డేవిస్‌కీ లీకీ నీకూ ఎప్పటికీ దొరకదు పొమ్మన్నాడు. 1868లో కాంగ్రెసే హక్కులు తిరిగిచ్చింది. ఇంకో పన్నెండేళ్ళకి అదే దేశం తరఫున సుల్తాను కొలువులో నిలబడ్డాడు.

● మా ఊళ్ళో కాటన్ దొర గుర్రమెక్కి ఉన్నాడు. డెల్టాలో ఏ ఊరికెళ్ళినా ఆయన విగ్రహం ఉంటుంది. ఈ జనరల్‌కి విగ్రహం ఉందా?
— ఒక పాఠకుడు, ధవళేశ్వరం

ఉంది, చాలా ఆలస్యంగా. లీ విగ్రహాలు దక్షిణాది అంతా ఎప్పుడో వెలిశాయి. లాంగ్‌స్ట్రీట్‌కి గెటిస్‌బర్గ్‌లో 1998లో గానీ పెట్టలేదు. దిమ్మె లేదు. గుర్రంతో సహా నేల మీదే, చెట్ల మధ్య ఉంటుంది. పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. మన కాటన్ దొర గుర్రం కింద నిలబడితే డెక్కలే కనిపిస్తాయి.

అసలు చెప్పాల్సిన విగ్రహం వేరే ఉంది. 1874లో లాంగ్‌స్ట్రీట్‌ని గుర్రం మీంచి లాగేసిన వైట్ లీగ్‌కి న్యూ ఆర్లియన్స్ వాళ్ళు 1891లో ఒక స్తంభం కట్టారు. ఎన్నికైన ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్ళకి స్మారకం! 1932లో దాని మీద తెల్లవారి ఆధిపత్యాన్ని పొగుడుతూ అక్షరాలు కూడా చెక్కారు. అది 2017 ఏప్రిల్‌లో తీసేశారు, అదీ రాత్రి చీకట్లో, పనివాళ్ళు మొహాలు కప్పుకుని. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళు తాగినవాళ్ళ మనవలు తెల్లదొరైనా సరే చందాలు వేసుకుని విగ్రహాలు పెట్టుకున్నారు. ఇది మీకు తెలిసిందే.

● మాష్టారూ, ఆయన ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పలేదు. యుద్ధాల కథల్లో ఆడవాళ్ళు ఎక్కడికి పోతారో నాకు అర్థం కాదు.
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

బాగా దెబ్బ కొట్టారమ్మా. మొదటి భార్య లూయీజ్, ఆయన పై అధికారి కూతురు. 1862 జనవరి చివర్లో దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో జ్వరం వ్యాపించి వాళ్ళ ముగ్గురు పిల్లలు వారం రోజుల్లో పోయారు. అంతకు ముందు పేకాట, నవ్వులు, సందడితో ఉండే ఆయన శిబిరం ఆ తర్వాత మూగబోయిందని తోటివాళ్ళు రాశారు. 1889 ఏప్రిల్ 9న, సరిగ్గా లొంగుబాటు జరిగిన తేదీనే, జార్జియాలోని గెయిన్స్‌విల్‌లో ఆయన ఇల్లు కాలిపోయింది. ఆ డిసెంబరులో లూయీజ్ చనిపోయింది.

1897లో, 76వ ఏట, హెలెన్ డార్చ్ అనే 34 ఏళ్ళావిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు మండిపడ్డారని వేరే చెప్పాలా? కానీ ఆవిడ సామాన్యురాలు కాదు. అప్పటికే జార్జియా రాష్ట్ర గ్రంథాలయంలో సహాయాధికారిగా పనిచేసింది. ఆడవాళ్ళు రాష్ట్ర గ్రంథాలయాధికారి కావడానికి వీలుగా చట్టమే మార్చాల్సి వచ్చింది. లాంగ్‌స్ట్రీట్ 1904 జనవరి 2న పోయాడు. అదే ఏడాది ఆయన్ని సమర్థిస్తూ పుస్తకం వేసింది. టలూలా జలపాతం మీద విద్యుత్ కంపెనీ ఆనకట్ట కడుతుంటే కోర్టుకెక్కింది, ఓడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో, ఎనభయ్యేళ్ళ వయసులో, మారియెటాలోని బాంబర్ విమానాల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. 1950లో జార్జియా గవర్నరు పదవికి నిలబడి మళ్ళీ ఓడిపోయింది. 1962 దాకా బతికింది. 1821లో పుట్టినవాడి భార్య, కెన్నెడీ అధ్యక్షుడిగా ఉండగా పోయిందంటే చూడండి.

● ఆయన ఎదురుపడితే మీరు ఏం అడుగుతారు?
— ఒక పాఠకుడు, కొత్తపేట

గెటిస్‌బర్గ్ గురించి మాత్రం అడగను, దాని గురించి ఆయన చెప్పాల్సినదానికన్నా ఎక్కువే చెప్పాడు. ఆయన ఆత్మకథలో గెటిస్‌బర్గ్‌కి పేజీలకి పేజీలు ఉన్నాయి. చివర్లో తనని చిన్నప్పుడు పెంచిన డేనియల్ అనే పాత సేవకుడు చూడ్డానికొచ్చిన ముచ్చట కూడా ఉంది, ముసలాయన హాస్యంతో సహా. న్యూ ఆర్లియన్స్‌లో తన వెనక నిలబడ్డ నల్లవారి మిలీషియా గురించి మాత్రం దాదాపు ఏమీ లేదు. తన పుస్తకం కొనేవాళ్ళు పాత కాన్ఫెడరేట్లని, వాళ్ళకి ఆ సంగతి రుచించదని తెలిసి వదిలేశాడని నా అనుమానం. అపరాధం మోపినవాళ్ళకి జవాబు రాయడానికి పాతికేళ్ళు దొరికినవాడికి, 1874లో తనతో పాటు తుపాకులకి ఎదురెళ్ళినవాళ్ళ గురించి ఒక అధ్యాయం రాయడానికి తీరిక ఎందుకు దొరకలేదో అదే అడుగుతాను.